సంక్రాంతికి పద్నాలుగు మందితో వైజాగ్ బీచ్: ప్లాస్టిక్ లేకుండా అవుతుందా?

మీరు అడిగింది ఇదీ. సంక్రాంతి సెలవులకి హైదరాబాద్ నుంచి మధురవాడలో ఉన్న మీ పిన్నిగారింటికి వస్తున్నారు. పెద్దాచిన్నా కలిపి పద్నాలుగు మంది. ఒక రోజు రుషికొండ బీచ్‌లో గడపాలని అనుకుంటున్నారు. పోయినసారి వచ్చినప్పుడు తిరిగి బయల్దేరేసరికి రెండు పెద్ద కవర్ల నిండా ఖాళీ బాటిళ్లు, ప్లేట్లు, చిప్స్ ప్యాకెట్లు మిగిలాయి. డస్ట్‌బిన్ అప్పటికే పొంగిపోతుంటే పక్కన పెట్టేసి వచ్చారు. కారెక్కాక వెనక్కి చూస్తే ఒక కవర్ని కుక్క లాగుతోంది. అది మనసులో ఉండిపోయిందన్నారు. ఈసారి అసలు ప్లాస్టిక్ లేకుండా కుదురుతుందా, అత్తగారికి ఇబ్బందవుతుందా, ఖర్చు పెరుగుతుందా అని మీ సందేహాలు.

కుదురుతుంది. ఖర్చు తగ్గుతుంది కూడా. ఇబ్బంది మాత్రం కొంచెం ఉంటుంది, అది బీచ్‌లో కాదు, ముందురోజు రాత్రి వంటింట్లో. నేను ఇరవై రెండేళ్లుగా ఎంవీపీ కాలనీలో ఉంటున్నాను. మా ఇంటికి వచ్చే ప్రతి చుట్టానికీ బీచ్ చూపించే డ్యూటీ నాదే. మొదటి పదేళ్లూ మేమూ మీలాగే కవర్ల పక్కన కవర్లు పెట్టి వచ్చినవాళ్లమే కాబట్టి మొహమాటం లేకుండా చెప్తాను.

ఒకసారి మా చెత్తని ఇంటికి తీసుకొచ్చాం, బిన్ నిండిపోయి వేరే దారి లేక. మర్నాడు మేడ మీద పాత చాప పరిచి విప్పి చూశాను. అందులో సగానికి పైగా నీళ్ల బాటిళ్లే. వాటిలో చాలావాటిలో పావు వంతు నీళ్లు ఇంకా ఉన్నాయి. ఎందుకంటే ఎవరి బాటిల్ ఏదో ఎవరికీ గుర్తుండదు, దాహం వేసినప్పుడల్లా కొత్తది విప్పుతారు. తర్వాత చిప్స్, బిస్కెట్ ప్యాకెట్లు. ఆ తర్వాత బండి దగ్గర కొన్న బజ్జీల ప్లేట్లు, టీ కప్పులు, ఐస్‌క్రీమ్ చెంచాలు. అంటే నీళ్లు, చిరుతిళ్లు, బండి, ఈ మూడు దారులు మూసేస్తే చాలు, మిగతాదంతా చిల్లర. అప్పట్నుంచి నేను పట్టించుకునేది ఈ మూడే.

మొదట ఏ రోజు వెళ్లాలన్నది చూద్దాం. కనుమ నాడు వెళ్లకండి. కనుమ రోజు వైజాగ్ ఊరు ఊరంతా, చుట్టుపక్కల పల్లెలతో సహా బీచ్ రోడ్డు మీదే ఉంటుంది. మీరు ఎంత జాగ్రత్తగా ఉన్నా పక్కవాళ్ల కవరు గాలికి మీ చాప మీదికే వస్తుంది. భోగికి ముందు రోజో, పండగ అయిపోయిన రెండు రోజులకో పెట్టుకోండి. పొద్దున్నే వెళ్లండి. జనవరిలో ఇక్కడ ఆరున్నర ప్రాంతంలో సూర్యుడు సముద్రంలోంచే లేస్తాడు, మీ హైదరాబాద్ పిల్లలకి అదొక్కటే చాలు. పదిన్నర దాకా ఎండ హాయిగా ఉంటుంది, గాలి నెమ్మదిగా ఉంటుంది, బండ్లు కూడా ఇంకా పూర్తిగా రావు. బండి కనపడకపోతే పిల్లలు అడగరు. మధ్యాహ్నం అయ్యేసరికి సముద్రం మీంచి గాలి ఊపందుకుంటుంది, పేపర్ నాప్కిన్లు, ఖాళీ కప్పులు, విస్తళ్లు అన్నీ పరుగెడతాయి. రాత్రికి అదే గాలి నేల మీంచి సముద్రం వైపు తిరుగుతుంది. సాయంత్రం మనం ఇసకలో వదిలేసిన తేలికపాటి కవర్లు తెల్లారేసరికి కనపడకపోవడానికి ఇదొక కారణం. అన్నీ ఎవరో ఊడ్చేశారనుకుంటాం.

చోటు విషయానికొస్తే రుషికొండ మీకు బాగానే ఉంటుంది. 2020లో మన దేశంలో ఒకేసారి ఎనిమిది బీచ్‌లకి బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చినప్పుడు ఆంధ్రప్రదేశ్ నుంచి ఉన్నది అదొక్కటే. బట్టలు మార్చుకునే గదులు, మరుగుదొడ్లు ఉంటాయి, పెద్దవాళ్లున్నప్పుడు అదే ముఖ్యం. నీళ్లలోకి దిగేటప్పుడు లైఫ్‌గార్డు చెప్పిన హద్దు దాటకండి. ఆర్కే బీచ్‌లో అయితే చీలమండ దాకా తడుపుకుని వచ్చేయడమే, అక్కడి లాగుడు మంచిది కాదు. ఇంకొకటి, ఎక్కడ కూర్చున్నా గెడ్డ వచ్చి కలిసే చోటికి దూరంగా కూర్చోండి. ఊళ్లోని కాలవల్ని ఇక్కడ గెడ్డలు అంటాం. వాన పడితే ఊరి చెత్తంతా వాటిలోంచే సముద్రంలోకి వస్తుంది, అలలు దాన్ని మళ్లీ ఆ చుట్టుపక్కల ఒడ్డుకే తోస్తాయి. బీచ్‌లో కనపడే చెత్తంతా బీచ్‌కి వచ్చినవాళ్లు వేసిందే కాదు, అది కూడా ఒప్పుకోవాలి.

ఇప్పుడు నీళ్లు. అసలు పని ఇదే, ఇది చేస్తే సగం అయిపోయినట్టే.

పద్నాలుగు మందికి నాలుగైదు గంటలకి, ఉప్పుగాలికీ ఆటలకీ కలిపి, మనిషికి లీటరున్నర లెక్క వేసుకోండి. ఇరవై లీటర్లు పైచిలుకు. కుళాయి ఉన్న పది లీటర్ల స్టీలు డ్రమ్ములు రెండు ఉంటే అంతకంటే బాగుండదు, పెళ్లిళ్లలో పెడతారే, అవి. పిన్నిగారింట్లో లేకపోతే పక్కింట్లోనో, ఆ వీధిలో క్యాటరింగ్ చేసేవాళ్ల దగ్గరో దొరుకుతాయి. అదీ కాకపోతే ఇంటికొచ్చే ఇరవై లీటర్ల క్యానే తీసుకెళ్లండి. అది ప్లాస్టిక్ కదా అంటారేమో. అవును, కానీ అది వెనక్కి వెళ్లి మళ్లీ నిండి వస్తుంది. మన గొడవ ఒకసారి వాడి పారేసేదాంతోనే. పైన నొక్కే పంపు మర్చిపోకండి, లేకపోతే క్యాను వంచి పొయ్యడానికి ఇద్దరు మగాళ్లు కావాలి, సగం నీళ్లు ఇసకపాలు. డ్రమ్ముకి తడిపిన పాత కాటన్ చీర ముక్క చుట్టి నీడలో పెడితే నీళ్లు చల్లగా ఉంటాయి.

ఇక గ్లాసులు. మనిషికొక స్టీలు గ్లాసు, ఒక్కటే. ఎవరిది ఏదో తెలియకపోతే మళ్లీ పాత కథే, పద్నాలుగు మందికి నలభై గ్లాసులు కావాలి. మేం గ్లాసు అడుగు దగ్గర ఒక్కొక్కరికి ఒక్కో రంగు దారం కడతాం. మా మనవరాలు పసుపు, మా ఆయన నలుపు. జారిపోకుండా రెండు చుట్లు చుట్టి ముడి వేయాలి, అంతే. ఈ దారం పని పిల్లలకి అప్పజెప్పండి, వాళ్లే పెద్దవాళ్ల మీద నిఘా పెడతారు. మీ అత్తగారికి పాత మరచెంబు ఉంటే అది ఇవ్వండి, ఆవిడ దాన్ని ఎవరికీ ఇవ్వరు, ఎక్కడా పారేయరు.

మజ్జిగ, నిమ్మరసం రాగి బాటిల్లో పొయ్యకండి. పులుపు రాగిని తింటుంది, కడుపులో తిప్పుతుంది. ఈ మధ్య అందరి దగ్గరా రాగి బాటిళ్లు ఉంటున్నాయి కాబట్టి చెప్తున్నా. పులుపుకి స్టీలే.

గాజు బాటిళ్లు అసలే వద్దు. ఇది నా సొంత నిర్వాకం. ప్లాస్టిక్ వద్దని గొప్పగా సుగంధి షర్బత్‌ని నాలుగు గాజు సీసాల్లో పోసి తీసుకెళ్లాను. ఒకటి రాయి మీద పడి పగిలింది. ఇసకలో గాజు పెంకు కనపడదు. చుట్టూ పిల్లలు చెప్పుల్లేకుండా తిరుగుతున్నారు. మా ఆయనా నేనూ మోకాళ్ల మీద కూర్చుని, బియ్యం కడిగే చిల్లుల గిన్నెతో ముప్పావుగంట ఆ ఇసక జల్లించాం. గిన్నె ఊపుతుంటే ఇసక జారిపోయి అడుగున ఒక్కో పెంకు మెరిసేది, కొన్ని గోరు ముక్కంత కూడా లేవు. ఆ రోజు నాకు సముద్రం గుర్తే లేదు.

మీ బావగారు "అవసరానికి పనికొస్తాయి" అని ఒక కేసు నీళ్ల బాటిళ్లు డిక్కీలో పడేసి తెస్తారని కూడా రాశారు. ప్రతి ఇంట్లోనూ అలాంటి బావగారు ఒకరు ఉంటారు. ఆయనతో వాదించకండి, నీళ్ల బాధ్యత మొత్తం ఆయనకే అప్పజెప్పండి. "బావగారూ, డ్రమ్ములు మీరే చూసుకోవాలి, మీరైతేనే సరిగ్గా చూస్తారు" అనండి. మా మరిదిగారి మీద ఆరేళ్లుగా పనిచేస్తున్న మంత్రం ఇది. ఇప్పుడు ఆయనే డ్రమ్ము కుళాయికి వాషరు మార్చి తెస్తారు.

తిండి విషయంలో మీరు అదృష్టవంతులు, వచ్చేది సంక్రాంతికి. పిన్నిగారింట్లో అరిసెలు, జంతికలు, సున్నుండలు డబ్బాల నిండా ఉంటాయి. పిల్లల చిప్స్ ప్యాకెట్ల స్థానంలో జంతికల డబ్బా పెడితే ఎవరూ అడగరు, అడిగినా రెండు నిమిషాలే. ఆ రోజుల్లో రేగుపళ్లు, జామకాయలు, చెరకు ముక్కలు, తేగలు దొరుకుతాయి. వీటి ప్యాకింగ్ వీటితోనే పుడుతుంది. తేగలు ఇంట్లోనే కాల్చుకుని పట్టుకెళ్లండి. హైదరాబాద్ పిల్లలకి తేగ విరిచి మధ్యలో చందమామ చూపించడం ఒక అరగంట ఆట. భోజనానికి పులిహోర, దద్దోజనం, ఉడికించిన వేరుశెనక్కాయలు. అంతకంటే వంటకాలు పెంచకండి. వంటకాలు పెరిగితే డబ్బాలు పెరుగుతాయి, డబ్బాలు పెరిగితే చివర్లో ఎవరో ఒకరు "కవర్లో కట్టేద్దాం" అంటారు.

బిస్కెట్లు తప్పనిసరి అయితే పెద్ద ప్యాకెట్ ఒకటి కొని ఇంట్లోనే డబ్బాలో పోసుకోండి. ప్యాకెట్ మాయమైపోదు, ఇంట్లో పొడి చెత్తలోకి వెళ్తుంది. కానీ చిన్నవి పద్నాలుగు బదులు ఒకటే, అదీ గాలికి ఎగరని చోట.

ప్లేట్ల గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఇక్కడే మోసపోతాం. షాపులో "ఎకో" అని రాసి ఉన్నవన్నీ కొనకండి. తెల్లటి బఫే ప్లేట్లు, వెండి రంగు పూత ఉన్నవి పేపరువే అనిపిస్తాయి, పైన పొర ప్లాస్టిక్. మిషన్లో నొక్కిన విస్తరాకుల్లో కూడా ఆకు కింద పల్చటి ప్లాస్టిక్ కాగితం అంటించినవి వస్తున్నాయి. కొనేముందు ఒకటి చింపి చూడండి. ఆకు చిరిగి, పొర మాత్రం సాగితే వదిలేయండి. నిజమైన అడ్డాకు విస్తరి పుల్లలతో కుట్టి ఉంటుంది, ఏజెన్సీ కొండల్లోంచి వస్తుంది. పూర్ణా మార్కెట్ లాంటి పాత బజార్లలో అడగండి, ఏజెన్సీలో ఆకు ఏరి కుట్టినవాళ్లకి కూడా నాలుగు డబ్బులొస్తాయి. వక్క పట్ట ప్లేట్లు కూడా మంచివే, ఖరీదు ఎక్కువ.

నన్నడిగితే మాత్రం స్టీలు కంచాలే. కార్తీకమాసంలో వనభోజనాలకి మన అమ్మమ్మలు ఇత్తడి గిన్నెలు మోసుకుని ఉసిరిచెట్టు కిందికి వెళ్లలేదా? అప్పుడు డిస్పోజబుల్ అనే మాటే లేదు. బీచ్ కూడా వనభోజనమే, చెట్టు బదులు ఇసక. పద్నాలుగు కంచాలు అయిదారు కిలోలు ఉంటాయి, కారు దాకా మోయడానికి ఒక మనిషి చాలు. తిన్నాక పిడికెడు పొడి ఇసకతో గట్టిగా తుడిస్తే జిడ్డు చాలావరకు పోతుంది. ఒకదానిలో ఒకటి పేర్చి పాత పంచెలో మూట కట్టి, ఇంటికొచ్చి కడుక్కోండి. సముద్రంలో సబ్బు పెట్టి కడగకండి. ఆకులు వాడితే వాటిని కూడా ఇసకలో పాతిపెట్టకండి, ఇంటికి తెచ్చి చెట్టు మొదట్లో వేసుకోండి. "ఆకే కదా, కుళ్లిపోతుంది" అంటారు. కుళ్లేలోపు అన్నం మెతుకుల వాసనకి కుక్కలు తవ్వి పైకి తీస్తాయి.

చెత్తకోసం "బయోడిగ్రేడబుల్" కవర్లు కొందామా అని కూడా అడిగారు. నేను ఒకసారి ఆన్‌లైన్‌లో ఒక కట్ట కొన్నాను. ఒకటి పెరట్లో మందార మొక్క దగ్గర పాతి చూశాను. ఎనిమిది నెలల తర్వాత తవ్వితే మట్టి దులుపుకుని మళ్లీ వాడుకునేలా ఉంది. అలాంటి సరుకులో చాలావరకు బాగా వేడి ఉండే పెద్ద కంపోస్టు కేంద్రాల్లోనే కుళ్లుతుంది, పెరట్లోనో సముద్రంలోనో కాదు. ఇంట్లో 25 కిలోల బియ్యం సంచి ఖాళీది ఉంటుంది కదా, అది రెండు తీసుకెళ్లండి. ఒకటి చెత్తకి, ఒకటి తడిబట్టలకి. ఉతికి ఆరేస్తే ఏళ్ల తరబడి వస్తుంది. మా దగ్గర ఉన్నదాని మీద బియ్యం బ్రాండ్ పేరు కూడా చెరిగిపోయింది.

బండి దగ్గర. బీచ్‌కి వెళ్లి మిరపకాయ బజ్జీ, మురీ మిక్చర్ తినకుండా రావడం నాకే చేతకాదు, మీకు చెప్పను. మీ గిన్నె మీరు తీసుకెళ్లండి, అంతే. మొదటిసారి నేను స్టీలు గిన్నె చాస్తే బజ్జీలావిడకి కోపం వచ్చింది. "ఏటమ్మా, మా ప్లేటు మీకు పనికిరాదేటి?" అంది. ప్లేటు వద్దంటే ఆవిడ శుభ్రతని అనుమానించినట్టు తోచింది పాపం. "అది కాదమ్మా, ఇంటికి మూట కడుతున్నా" అని సర్దిచెప్పాను. తర్వాత్తర్వాత ఆవిడకి అలవాటైపోయింది. ప్లేటు మిగిలితే ఆవిడకే లాభం కదా. ఇప్పుడు నన్ను చూడగానే "గిన్నెలమ్మ వచ్చీసింది" అంటుంది, రెండు బజ్జీలు ఎక్కువే వేస్తుంది. గిన్నె ముందే చాచండి, ఆవిడ ప్లేటు చేతిలోకి తీసుకున్నాక చెప్తే తిరిగి పెట్టమనడం బాగోదు. న్యూస్‌పేపర్లో కట్టిస్తే మంచిదే కదా అనుకోకండి, ఆ సిరా వేడి నూనెకి తిండిలోకి దిగుతుంది, అలా కట్టొద్దని ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ కూడా చాలాసార్లు చెప్పింది.

కొబ్బరి బోండాం ఎత్తి తాగడం పిల్లలకి నేర్పండి, చొక్కాలు తడుస్తాయి, ఏమీ కాదు. ఐస్‌క్రీమ్ కప్పులో కాకుండా కోన్‌లో. చెరకు రసానికి మీ గ్లాసు. జొన్నపొత్తుకి దాని తొడుగే ప్లేటు. పీచుమిఠాయి ఒక్కటే నాకు ఇప్పటికీ లొంగలేదు, కవరు లేకుండా అమ్మేవాడు దొరికితే దొరికినట్టు, లేకపోతే ఆ ఒక్క కవరు మడిచి బియ్యం సంచిలో వేసుకుంటాం. పసిపిల్ల ఏడుస్తుంటే నేను సిద్ధాంతాలు చెప్పను.

టీకి ఫ్లాస్కు తీసుకెళ్లండి. పేపర్ కప్పు లోపల కూడా సన్నటి ప్లాస్టిక్ పొర ఉంటుంది, లేకపోతే టీ కారిపోయేది. వేడి నీళ్లు అలాంటి కప్పులో పావుగంట ఉంచితే 100 మిల్లీలీటర్లలోకి దాదాపు 25,000 ప్లాస్టిక్ రేణువులు చేరుతున్నాయని ఖరగ్‌పూర్ ఐఐటీ వాళ్లు 2020లో తేల్చారు. ఇది చెప్తే మా అత్తగారు పేపర్ కప్పు ముట్టడం మానేశారు. సముద్రం కోసం మానని వాళ్లు ఒంటి కోసం మానతారు. ఏదైతేనేం.

మీతో ఏడాదిన్నర బాబు ఉన్నాడన్నారు. డైపర్లో కూడా ప్లాస్టిక్ పొర ఉంటుంది. ఆ నాలుగు గంటలకి కాటన్ లంగోటాలు సరిపోతాయి, ఇసకలో పిల్లాడికి హాయిగా కూడా ఉంటుంది. దార్లో కారులో డైపరు తప్పదంటే వేసుకోండి, దాన్ని మూత గట్టిగా పడే పాత డబ్బాలో ఇంటికి తెచ్చేయండి. బీచ్ బిన్‌లో వద్దు, కుక్కల సంగతి మీరు చూశారుగా. వెట్ వైప్స్ బదులు చిన్న కాటన్ రుమాళ్లు పది తడిపి పిండి స్టీలు డబ్బాలో పెట్టుకోండి. వైప్స్‌లో చాలావాటికి ప్లాస్టిక్ పీచు ఉంటుంది, గుడ్డలా కనపడుతుంది కానీ గుడ్డ కాదు. అలాగే మగవాళ్లలో ఎవరైనా సిగరెట్ కాలిస్తే, ఆ ఫిల్టర్ కూడా ప్లాస్టిక్ రకమే, దూది కాదు. ఒక అగ్గిపెట్టె ఖాళీది చేతికివ్వండి, పీకలు అందులోనే.

ఆట సామాను కొనకండి. బీచ్ రోడ్డు మీద అమ్మే ఆ పారల సెట్లు మొదటి గంటలోనే విరుగుతాయి. పాత ఇడ్లీ ప్లేటు, అట్లకాడ, రెండు కొబ్బరి చిప్పలు, చిల్లుల గరిటె పట్టుకెళ్లండి. తడి ఇసక ఇడ్లీ ప్లేటులో అదిమి తిరగేస్తే నాలుగు ఇడ్లీలు చక్కగా పడతాయి. మా మనవరాలు వాటి మీద గవ్వలు పెట్టి "జీడిపప్పు ఇడ్లీ, ప్లేటు ముప్ఫై" అని అమ్మింది, పక్క కుటుంబం పిల్లలు కూడా వచ్చి కొన్నారు. తవ్విన గుంటలు మాత్రం వచ్చేముందు పూడ్పించండి. దానికి కారణం ఉంది.

మీరొచ్చే జనవరి నుంచే ఈ తీరానికి ఆలివ్ రిడ్లీ తాబేళ్లు రాత్రిళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. ఒక్కో తల్లి ఇసకలో గుంట తీసి వంద పైనే గుడ్లు పెట్టి, కప్పెట్టి, మళ్లీ సముద్రంలోకి వెళ్లిపోతుంది. నెలన్నర నుంచి రెండు నెలల్లో పిల్లలు బయటికొస్తాయి. అటవీ శాఖ వాళ్లు గుడ్లు సేకరించి కంచె కట్టిన చోట్ల పొదిగిస్తారు. మనం వదిలేసిన లోతైన గుంటలో తల్లి తాబేలు పడితే ఎక్కడం కష్టం. నీళ్లలో తేలే పల్చటి కవరు దానికి జెల్లీచేపలా కనపడుతుంది, తినేస్తుంది. పిల్లలకి ఈ ఒక్క కథ చెప్పండి చాలు, "కవరు పారేయకు" అని పదిసార్లు చెప్పక్కర్లేదు. ఒడ్డున చచ్చిపడిన తాబేలు కనపడితే ముట్టుకోనివ్వకండి. ఆ కాలంలో అప్పుడప్పుడు కనపడతాయి, పిల్లలు భయపడకుండా ముందే చెప్పి ఉంచండి.

గాలిపటాలు ఎగరేస్తాం అన్నారు కదా. కాగితం పటం, నూలు దారం. నైలాన్ మాంజాని జాతీయ హరిత ట్రైబ్యునల్ 2017లోనే దేశమంతటా నిషేధించింది. బీచ్‌లో అయితే తెగిన దారం నేరుగా నీళ్లలోకే పోతుంది, అంతకుముందు పక్షి రెక్కకో, బండి మీద వెళ్లేవాడి మెడకో తగులుతుంది.

"ఏవి నిషేధం, ఫైన్ వేస్తారా" అనీ అడిగారు. 2022 జులై 1 నుంచి దేశమంతటా ప్లాస్టిక్ ప్లేట్లు, కప్పులు, గ్లాసులు, చెంచాలు, స్ట్రాలు, బెలూన్ పుల్లలు, ఐస్‌క్రీమ్ పుల్లలు, మిఠాయి డబ్బాల మీద చుట్టే పల్చటి షీటు లాంటివి నిషేధం. క్యారీబ్యాగులు ఆ ఏడాది చివరి నుంచి 120 మైక్రాన్ల కంటే పల్చగా ఉండకూడదు. నీళ్ల బాటిలు, చిప్స్ ప్యాకెట్ ఆ జాబితాలో లేవు. చాలామంది ఉన్నాయనుకుంటారు. నేను మేడ మీద చాప పరిచి లెక్కపెట్టినప్పుడు ఎక్కువగా తేలినవి ఆ రెండే కాబట్టి, చట్టం చూసుకుంటుందిలే అని ఊరుకుంటే మీ పోయినసారి కవర్లలో సగం మళ్లీ తయారవుతాయి.

చివర్లో పిల్లలతో చెత్త ఏరించాలా వద్దా అన్నారు. ఏరించండి, కానీ మనిషికి ఒక గుప్పెడే. మీ చాప చుట్టూ పది అడుగుల్లో మూతలు, స్ట్రాలు, ప్యాకెట్లు. సూదులు, గాజు, సిగరెట్ పీకలు పిల్లలకి వద్దు, పెద్దవాళ్లు పట్టకారుతో తియ్యండి. ఇసకలో సగం పూడిపోయిన వల ముక్క కనపడితే లాగకండి, అది ఎంత పొడుగుందో తెలియదు, వేళ్లు కోసుకుంటాయి. ఒకసారి మా అన్నయ్యగారబ్బాయి ఉత్సాహంగా రెండు గంటలు ఏరించాడు పిల్లలచేత. ఎండకి ఒకరికి వాంతులు, మరుసటి ఏడాది నుంచి "బీచ్ వద్దు" అని అందరూ ఏకగ్రీవం. సరదాకి వచ్చిన రోజుని శ్రమదానం చేయకండి.

మోసుకొచ్చిన చెత్త బీచ్ బిన్‌లో కాకుండా ఇంటికే తెచ్చి, తడీ పొడీ వేరు చేసి మర్నాడు పొద్దున వచ్చే మున్సిపాలిటీ బండిలో వేయండి. మేం నీళ్లూ చిరుతిళ్లూ సర్దుకున్నాక మొదటిసారి తొమ్మిది మందికి ఇంటికొచ్చిన పొడి చెత్త ఒక పెరుగు గిన్నెలో పట్టింది. మీ పద్నాలుగు మందికి ఒక సంచిలో అడుగు భాగం నిండినా కంగారు పడకండి. సున్నా అనే పంతం పట్టకండి, పట్టినవాళ్లు రెండోసారి చేయరు.

రైల్లో వచ్చేటప్పుడు మనిషికొక స్టీలు బాటిల్ ఇంటి దగ్గరే నింపుకోండి, అవే ఇక్కడా పనికొస్తాయి. డ్రమ్ములు దొరక్కపోతే ఇక్కడే రాయండి, మా ఇంట్లో ఉన్న రెండూ పండగ మర్నాటి నుంచి ఖాళీ. కుళాయి వాషరు బాగానే ఉంది, మరిదిగారు మొన్ననే మార్చారు.